రాత్రిపూట దిగిపోయే చేతులు

సాయంత్రం గడ్డికోత యంత్రాన్ని పైకెత్తి వెళ్తాను,
పొద్దున్నకి అది నేలమీద బోర్లా పడుకుని ఉంటుంది.
ఎవరూ ముట్టలేదు. కుక్క కూడా అటు పోలేదు.
ట్రాక్టర్ వెనక రెండు చేతులూ
రాత్రంతా నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు
దిగిపోయాయి.

వేల్స్ కొండల్లో ఇది తొమ్మిదో రోజు వాన.
ఎప్పుడో జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన పొట్టి బండి,
మీటల పక్కన రాతలు ఒక్క ముక్కా నాకు రావు.
బొమ్మలు మాత్రం చదువుతాను:
కుందేలంటే వేగం, తాబేలంటే నిదానం.
ఆరేళ్లుగా ఆ రెండింటితోనే నెట్టుకొస్తున్నాను.

అమ్మింది టెగిడ్.
చచ్చిన గుర్రాన్ని అంటగట్టాడని
బుధవారం సంతలో నలుగురి ముందూ అన్నాను.
అప్పట్నుంచీ దొడ్డి కమ్మీకి అటు వాడు, ఇటు నేను,
మధ్యలో గొర్రెలే మాట్లాడుకునేవి.

ముందు గొట్టాల్ని అనుమానించాను.
కీళ్లన్నీ విప్పి మళ్లీ బిగించాను,
కింద రేకుడబ్బా పెట్టి కాపలా కూర్చున్నాను.
చుక్కలు ఆగాయి.
చేతులు దిగడం ఆగలేదు.

"అయితే కారేది లోపల, హెలెద్,"
అంది పక్క పొలం పిల్ల నెస్టా, నోట్లో రొట్టెతోనే.

లోపల కారేదానికి మరక ఉండదు.
నూనె తన ఇంట్లోంచి తన ఇంట్లోకే జారుకుంటుంది,
పుల్ల ముంచి చూస్తే కొలత సరిగ్గానే ఉంటుంది.
బరువు మోయాల్సిన చోట మాత్రం
అది ఉండదు.

సీటు తీశాం. మడ్‌గార్డులు తీశాం.
తుప్పుపట్టిన ఒక బోల్టు మధ్యాహ్నమంతా తినేసింది,
చివరికి దాని తల తెగింది, నాకు వేలు తెగింది.
దించిన నూనె పాలెక్కువైన టీ రంగులో ఉంది.
ఎన్ని వానలు తాగిందో.
దూలానికి గొలుసు వేసి
పై మూతని దూడని లేపినట్టు లేపాం.
నెస్టా గొట్టంతో గాలి కొట్టింది.
మడతపెట్టిన పాత తువ్వాలులోకి
పిస్టన్ ఒక్క దగ్గు దగ్గి వచ్చి పడింది.

దాని నడుముకి రెండు రింగులు:
ఒకటి మెత్తటి రబ్బరు, ఒకటి దానికి వెన్ను కాసే గట్టిది.
నూనె తోసుకొచ్చే వైపు మెత్తటిదుండాలి,
గట్టిది దాని వెనక.

అటుది ఇటు ఉంది.
వెన్ను కాసేది లేక రబ్బరు సందులోకి నలిగి
అంచంతా ఎలుక కొరికినట్టయింది.

కొన్న మొదటి చలికాలం.
బెత్తెడు దిగుతోందంటే, చూడ్డానికి టెగిడ్ కూలి అడిగాడు.
నాకు చేతుల్లేవా అనుకున్నాను.
లాంతరు పెట్టుకుని, ఒక్కదాన్నే,
తీసినవి ఏ వరసలో ఉన్నాయో చూసుకోకుండా.
ఆ తర్వాత ఈ మూత
ఎవరూ తెరవలేదు.

నెస్టా ఏమీ అనలేదు.
కొత్త రింగుని నూనెలో ముంచి
వేళ్ల మధ్య తిప్పుతూనే ఉంది,
నేను చెయ్యి చాపేదాకా.

చీకటి పడ్డాక స్టార్ట్ చేశాం. తాబేలు మీద పెట్టాను.
చేతులు రెండుసార్లు వణికాయి, గాలి మింగినట్టు చప్పుడు,
తర్వాత లేచాయి.
షెడ్డు రాతిగోడ మీద వాటి ఎత్తుకి
సుద్దతో గీత గీసింది నెస్టా.
నిద్ర పట్టలేదు. రెండింటికి ఒకసారి టార్చ్ పట్టుకుని వెళ్లాను,
నన్ను చూసి కుక్క ఆవలించింది.

తెల్లారాక చూస్తే
గీతకి గోరంత కింద.
గోరంతయితే భరించుకోవచ్చు.
వయసు నాకూ ఉంది, దానికీ ఉంది.

ఇవాళ బుధవారం.
పాత రింగు జేబులో వేసుకున్నాను.
కమ్మీ దగ్గర ఏమని మొదలుపెట్టాలో తెలీదు.
నా దగ్గర మాటల్లేవు, తీసి అరచేతిలో పెడతాను.
ఏ అంచు నలిగిందో చూస్తే
ఏ పక్క పెట్టానో
అతనే చదువుకుంటాడు.